ఇరాక్‌లో జరిగిన మంచి పనులను మీడియా దాచిపెట్టిందా? విదేశీ వార్తల డెస్క్ నుంచి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ఇది. మీరు జర్నలిజం చివరి ఏడాది చదువుతున్నారు. అమెరికా దాడితో మొదలైన 2003 యుద్ధం తర్వాత ఇరాక్ పునర్నిర్మాణం గురించి వచ్చిన వార్తలను ప్రాజెక్టుగా తీసుకున్నారు. "మీడియా బాంబులనే చూపించింది, కట్టిన బడులు, ఆస్పత్రులు చూపించలేదు" అని కొందరు రాశారు. "మీడియా అమెరికా సైన్యానికి బాకా ఊదింది" అని ఇంకొందరు రాశారు. వీళ్లలో ఎవరిది కరెక్ట్, తెలుగు పత్రికల్లో ఆ పక్షపాతాన్ని ఎలా పట్టుకోవాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే మొదటి ఆరోపణ చాలావరకు నిలబడదు. రెండోది యుద్ధం అయిన తొలి నెలలకు బాగానే సరిపోతుంది, తర్వాతి కాలానికి సగమే సరిపోతుంది. మంచి వార్త, చెడు వార్త అనే లెక్కలో వెతికితే అసలు పక్షపాతం దొరకదు. ప్రారంభోత్సవం రోజు విలేకరి ఉంటాడు. పేలుడు రోజు విలేకరి ఉంటాడు. ప్రారంభించిన ప్లాంటు ఏడాది తర్వాత నడుస్తోందా లేదా అని చూసే రోజున ఎవరూ ఉండరు. రెండు పక్షాల వార్తలకూ ఉన్న లోపం ఇదే. తెలుగులోకి వచ్చేసరికి దీనికి మన డెస్క్‌ల లోపం ఇంకొకటి తోడవుతుంది. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో: ఒక తెలుగు దినపత్రికలో పద్దెనిమిదేళ్లు విదేశీ వార్తల డెస్క్‌లో పనిచేశాను. నేను ఇరాక్ వెళ్లలేదు. ఏజెన్సీ కాపీని, అంటే వార్తా సంస్థలు ఇంగ్లీషులో పంపే వార్తను తెలుగు చేయడం, హెడ్డింగ్ పెట్టడం, ఏ పేజీలో ఎంత వేయాలో తేల్చడం నా పని. కాబట్టి ఈ సమాధానాన్ని బల్ల దగ్గర కూర్చున్నవాడి మాటగానే తీసుకోండి.

ముందు ఒక రాత్రి గురించి చెప్పాలి. 2004 సెప్టెంబర్ 30. బాగ్దాద్‌లోని అల్ అమెల్ అనే పేటలో మురుగునీటి ప్లాంటు ప్రారంభోత్సవం. అమెరికా సైనికులు పిల్లలకు మిఠాయిలు పంచుతున్నారు. పిల్లలు గుంపుగా చేరారు. అక్కడ వరసగా కారు బాంబులు పేలాయి. 30 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ సాయంత్రం మా దగ్గరికి కాపీ ముక్కలు ముక్కలుగా వస్తూనే ఉంది, ప్రతి ముక్కలో మృతుల సంఖ్య మారుతోంది. నేను హెడ్డింగ్‌లో పిల్లల మరణాలు పెట్టాను. ఏ సబ్ ఎడిటర్ అయినా అదే చేస్తాడు, ఇప్పుడైనా నేను అదే చేస్తాను. ప్లాంటు సంగతి ఐదో పేరాలో ఒక్క వాక్యంగా మిగిలింది. జిల్లా ఎడిషన్లకు చోటు చాలక ఆ వాక్యం కూడా కోసేశాం.

ఇప్పుడు చెప్పండి, మేం "మంచి వార్త" దాచామా? పునర్నిర్మాణ వార్త, బాంబు వార్త ఒకే చోట, ఒకే నిమిషంలో జరిగాయి. వాటిని విడదీసి రెండు డబ్బాల్లో వేసి లెక్కపెట్టే పరిశోధన చేస్తే మీకు పొరపాటు ఫలితమే వస్తుంది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఆ ప్లాంటు తర్వాత నడిచిందా? ఆ పేటలో మురుగు తగ్గిందా? మేం ఒక్క లైను కూడా వేయలేదు. ఏజెన్సీ నుంచి రాలేదు, మేం అడగలేదు.

"మంచిని దాచారు" అన్న మాట ఎందుకు నిలబడదు?

ఈ మాటను గట్టిగా ముందుకు తెచ్చింది అమెరికా ప్రభుత్వమే. 2003 అక్టోబర్‌లో అధ్యక్షుడు బుష్ జాతీయ మీడియాను ఒక వడపోత గుడ్డతో పోల్చి, దాన్ని దాటి నేరుగా జనంతో మాట్లాడాలని ప్రాంతీయ టీవీ వాళ్లకు ఇంటర్వ్యూలు ఇచ్చారు. అదే నెలలో కిర్కుక్‌లో ఉన్న ఒక బెటాలియన్ సైనికుల పేర్లతో వాళ్ల వాళ్ల సొంతూరి పత్రికలకు ఉత్తరాలు వచ్చాయి. ఇక్కడ పరిస్థితి బాగుపడుతోంది, జనం మమ్మల్ని ఆదరిస్తున్నారు అని. పదకొండు పత్రికల్లో వేర్వేరు సంతకాలతో అదే ఉత్తరం, అక్షరం పొల్లుపోకుండా. విషయం బయటపడ్డాక అది తన ఏర్పాటేనని బెటాలియన్ కమాండర్ ఒప్పుకున్నాడు. 2005 నవంబర్ చివర్లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఇంకో సంగతి బయటపెట్టింది. సైన్యం రాయించిన కథనాలను లింకన్ గ్రూప్ అనే కాంట్రాక్టరు ద్వారా డబ్బిచ్చి బాగ్దాద్ పత్రికల్లో మామూలు వార్తల్లా వేయించారు. మంచి పనులు కళ్లెదుట కనిపిస్తుంటే ఇంత శ్రమ ఎందుకు పడాలి?

తర్వాత ఆడిట్లు వచ్చాయి. ఇరాక్ పునర్నిర్మాణం మీద అమెరికా కాంగ్రెస్ ఒక ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను, అంటే ఖర్చులను, పనులను తనిఖీ చేసే అధికారిని పెట్టింది. స్టువర్ట్ బోవెన్ అనే ఆయన 2013లో ఆఫీసు మూసేదాకా ఆ పని చేశాడు. బుష్‌కు టెక్సాస్ రోజుల నుంచి తెలిసిన మనిషే. అందుకే ఆయన రిపోర్టులను యుద్ధ వ్యతిరేకుల ప్రచారమని ఎవరూ కొట్టిపారేయలేకపోయారు. కొన్ని అంకెలు చూడండి:

150 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కట్టాలి. రెండేళ్లలో 18.6 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 2006 వసంతానికి పూర్తయినవి 6. నీటి రంగంలో మొదట అనుకున్న 136 ప్రాజెక్టుల్లో 49 మాత్రమే పూర్తి చేయగలమని తేలింది, ఎందుకంటే డబ్బును భద్రతకు మళ్లించారు. బాగ్దాద్ పోలీసు కాలేజీకి 7.5 కోట్ల డాలర్లు పెట్టారు. 2006లో తనిఖీకి వెళ్లినవాళ్లకు పైకప్పులోంచి మరుగుదొడ్ల నీళ్లు గదుల్లోకి కారుతూ కనిపించాయి. మొత్తం దాదాపు 6,000 కోట్ల డాలర్లలో కనీసం 800 కోట్లు వృథా అయ్యాయని బోవెన్ చివరి అంచనా.

ఈ వరసలో 2004 నాటి వార్తలను మళ్లీ తిరగేస్తే నాకు అర్థమైంది ఇది: మీడియా చెడును ఎక్కువ చేసి చూపించలేదు. లోపల జరుగుతున్న చెడును చూడలేకపోయింది. ఆరోగ్య కేంద్రాలు లేవన్న సంగతి మాకు రెండేళ్లు ఆలస్యంగా, విలేకరి ద్వారా కాకుండా ఆడిటర్ ద్వారా తెలిసింది.

విలేకరులను తప్పుపట్టే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. 2004 మార్చి 31న ఫలూజాలో నలుగురు అమెరికన్ కాంట్రాక్టు సిబ్బందిని చంపి శవాలను వంతెనకు వేలాడదీశాక, విదేశీ విలేకరులు హోటళ్లు దాటి వెళ్లడం బాగా తగ్గిపోయింది. బయటికి వెళ్లి సమాచారం తెచ్చింది ఇరాకీ స్ట్రింగర్లు, అంటే ఉద్యోగం లేకుండా వార్తకింత అని పనిచేసే స్థానిక విలేకరులు. ప్రాణభయంతో చాలామంది పేర్లు కూడా వేసేవారు కాదు. ఆ యుద్ధంలో వందకు పైగా జర్నలిస్టులు చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఇరాకీలే. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రాజెక్టు పేరు, ఊరు రాస్తే దాని మీద దాడి చేస్తారని అధికారులే వద్దనేవారు. బడి చూపించలేదని నింద వేసేదీ వాళ్లే, బడి ఎక్కడుందో రాయొద్దనేదీ వాళ్లే.

విలేకరి ఎక్కడ నిలబడ్డాడు అన్నది చూడండి: కరెంటు కథ

దీన్ని మీ ప్రాజెక్టులో తప్పకుండా పెట్టండి. యుద్ధానికి ముందు సద్దాం ప్రభుత్వం కరెంటును బాగ్దాద్‌కు ధారాళంగా ఇచ్చి, బస్రా లాంటి దక్షిణాది ఊళ్లను ఎండగట్టేది. యుద్ధం తర్వాత పాల్ బ్రెమర్ అనే అమెరికా అధికారి నాయకత్వంలోని ఆక్రమణ పాలన ఆ కరెంటును ప్రాంతాల మధ్య ఇంచుమించు సమానంగా పంచింది. 2003 అక్టోబర్‌లో మొత్తం ఉత్పత్తి యుద్ధానికి ముందున్న స్థాయిని దాటింది, 4,500 మెగావాట్లు వచ్చింది. కానీ బాగ్దాద్‌లో కరెంటు ఉండే గంటలు మాత్రం సద్దాం కాలం కంటే తగ్గాయి. విలేకరులంతా ఉన్నది బాగ్దాద్‌లో. వాళ్ల హోటల్లో కరెంటు పోయేది, వాళ్ల డ్రైవరు ఇంట్లో పోయేది. అందుకని "సద్దాం ఉన్నప్పుడే నయం" అన్న మాట వార్తల్లో మార్మోగింది. బాగ్దాద్ మనిషికి అది నూటికి నూరు పాళ్లు నిజం. దక్షిణాది మనిషి అనుభవం వేరు.

అలాగని అధికారుల మాట పట్టుకుంటే ఏమవుతుందో కూడా చూడండి. ఆ 4,500 మెగావాట్లు ఒక్క రోజు తాకిన గరిష్ఠం. దాన్ని చూపించి వాళ్లు విజయం అన్నారు. ఆ తర్వాత అది మళ్లీ పడిపోయింది. 2004 వేసవికి 6,000 చేస్తామన్న మాట నిలబడలేదు. ఒక పక్క ఒక్క ఊరి లెక్క, ఇంకో పక్క ఒక్క రోజు లెక్క. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చదివినవాడికి మాత్రం నిజం తెలియలేదు. హైదరాబాద్‌లో కరెంటు పోతే పెద్ద వార్త, పల్లెల్లో రోజూ పోతే వార్తే కాదు. ఇది మనకు తెలియని సంగతేం కాదు కదా.

ఎవరి డబ్బు?

అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం. పత్రికలన్నీ, మాది సహా, "అమెరికా సాయంతో ఇరాక్ పునర్నిర్మాణం" అని రాసేవి. 2003 నవంబర్‌లో అమెరికా కాంగ్రెస్ 1,840 కోట్ల డాలర్లు మంజూరు చేసింది, అది నిజం. కానీ 2004 జూన్ చివర్లో బ్రెమర్ అధికారం అప్పగించి వెళ్లిపోయేనాటికి అందులో నిజంగా ఖర్చయింది దాదాపు 36.6 కోట్లు. అంటే నూటికి రెండు. మరి ఆ ఏడాదంతా జీతాలు, పనులు, కాంట్రాక్టులు దేనితో నడిచాయి? ఇరాక్ చమురు అమ్మిన సొమ్ము, విదేశాల్లో స్తంభింపజేసిన ఇరాక్ ఖాతాల సొమ్ము. దాదాపు 2,000 కోట్ల డాలర్ల ఇరాకీల సొంత డబ్బు. అందులో 880 కోట్లకు సరైన లెక్కాపత్రం లేదని 2005 జనవరిలో ఆడిట్ తేల్చింది. వంద డాలర్ల నోట్లను ప్లాస్టిక్‌లో చుట్టి, సైనిక విమానాల్లో టన్నులకొద్దీ దించిన సంగతి 2007లో కాంగ్రెస్ విచారణలో వివరంగా బయటికొచ్చింది.

ఇరాకీల డబ్బుతో జరిగిన పనికి "అమెరికా సాయం" అని హెడ్డింగ్ పెట్టడం కంటే పెద్ద పక్షపాతం ఏముంటుంది? అది ఎవరో కుట్ర చేసి పెట్టింది కాదు. వాషింగ్టన్ డేట్‌లైన్‌తో, అంటే వాషింగ్టన్ నుంచి రాసినట్టు పైన ఊరి పేరుతో వచ్చిన కాపీలో అలా ఉంది, మేం అలాగే తెలుగు చేశాం.

ఇక మన తెలుగు డెస్క్‌ల సంగతి

ఇది మీకు ఇంకెవరూ చెప్పకపోవచ్చు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

విదేశీ సాయం వార్తల్లో డబ్బు నాలుగు మెట్లు దిగుతుంది. ఇస్తామని మాట ఇవ్వడం, చట్టసభ మంజూరు చేయడం, కాంట్రాక్టు రాసుకోవడం, చివరికి చెల్లించడం. ఇంగ్లీషు కాపీలో ఈ నాలుగింటికీ నాలుగు మాటలు జాగ్రత్తగా వాడతారు. తెలుగులో మేం నాలుగింటినీ "సాయం" అనేవాళ్లం. 2003 అక్టోబర్‌లో మాడ్రిడ్‌లో దాతల సదస్సు జరిగింది. 3,300 కోట్ల డాలర్లకు హామీలు వచ్చాయి. అందులో చాలా భాగం అమెరికాదే, మిగతాదాంట్లో అప్పులు కూడా ఉన్నాయి. "ఇరాక్‌కు 3,300 కోట్ల డాలర్ల సాయం" అని రెండు కాలమ్‌ల హెడ్డింగ్ పెట్టింది నేనే. "హామీ" అన్న రెండక్షరాలు పట్టక కాదు. సాయం అంటే బరువుగా ఉంటుందని అలా పెట్టాను.

బడుల విషయం కూడా అంతే. యుద్ధం అయిన మొదటి ఏడాదిలో రెండు వేలకు పైగా బడులు బాగు చేశామని అమెరికా సాయ సంస్థ చెప్పేది. బాగు చేయడమంటే చాలాచోట్ల రంగులు, కిటికీ అద్దాలు, ఫ్యాన్లు, మరుగుదొడ్ల మరమ్మతు. పనులు నాసిరకంగా ఉన్నాయని హెడ్మాస్టర్లు ఫిర్యాదు చేసిన కథనాలూ వచ్చాయి. మేం రాసింది "పునర్నిర్మించారు" అని. పునర్నిర్మాణం అన్న మాట నోటికి అలవాటై సున్నం వేసినా పునర్నిర్మాణమే అయింది. మీరు పాత పేపర్లు తిరగేసేటప్పుడు "పునర్నిర్మాణం" కనిపించిన ప్రతి చోటా "మరమ్మతు" అని పెట్టి చదవండి. వార్త బరువు ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది.

ఇలాంటి మాటలకు ఖరీదు ఉంటుందని నాకు ఒక ఫోన్ కాల్ వల్ల తెలిసింది. 2004 ఎండాకాలం మొదట్లో, నిజామాబాద్ జిల్లా నుంచి ఒకాయన రాత్రి డెస్క్‌కు ఫోన్ చేశాడు. "సార్, ఇరాక్‌ల పనులు మస్తు నడుస్తున్నయని మీ పేపర్ల ఒచ్చింది గదా. ఏజెంటు ఆ కటింగ్ చూపెడుతుండు. కువైట్ అని చెప్పి ఆడికి తోల్కపోతరట. మా తమ్ముణ్ణి పంపాల్నా, వద్దా?" ఆ కటింగ్ నేను తెలుగు చేసిన ముక్కే. పంపొద్దని చెప్పాను, ఆ వారం వచ్చిన దాడుల వార్తలన్నీ చదివి వినిపించాను. అప్పటికే అడ్వాన్స్ కట్టామని, ఆలోచించుకుంటామని పెట్టేశాడు. మళ్లీ ఫోన్ రాలేదు. ఆ జూలైలో కువైట్ కంపెనీ లారీలు నడుపుతున్న ముగ్గురు భారతీయ డ్రైవర్లను ఇరాక్‌లో కిడ్నాప్ చేశారు. సెప్టెంబర్ 1న వదిలారు. ఆ సమయంలోనే మన ప్రభుత్వం ఇరాక్‌కు పనివాళ్లు వెళ్లకుండా నిషేధం పెట్టింది. ఆ తర్వాత నేను ప్రతి పునర్నిర్మాణ వార్త కిందా భద్రత పరిస్థితి మీద ఒక పేరా ఉండాలని పట్టుబట్టేవాణ్ణి. చోటు లేదని చాలాసార్లు తీసేసేవారు, అది వేరే సంగతి.

ఇంకో పక్షపాతం మన వాళ్లు చేసే పని గురించి. అఫ్ఘానిస్తాన్ ఉదాహరణ తీసుకోండి. 2006 ఏప్రిల్ చివర్లో అక్కడ మొబైల్ నెట్‌వర్క్ పనిలో ఉన్న హైదరాబాద్ ఇంజనీరును తాలిబన్లు కిడ్నాప్ చేసి చంపారు. ఆ కొద్దిరోజులు తెలుగు పత్రికల మొదటి పేజీ నిండా అదే. రాయాల్సిందే, మన బిడ్డ. కానీ ఆయన అక్కడ ఏ పని చేస్తున్నాడు, ఆ నెట్‌వర్క్ వల్ల అఫ్ఘాన్లకు ఏం మారుతోంది అన్నది అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. అలాగే హెరాత్ దగ్గర మన దేశం కట్టిన సల్మా ఆనకట్ట. 42 మెగావాట్లు, 75 వేల హెక్టార్ల సాగునీటి లక్ష్యం. 2016 జూన్ 4న ప్రారంభమైంది. అది మన ఇంజనీర్లు ప్రమాదకరమైన చోట నిలబడి చేసిన గొప్ప పని, నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ దాని గడువు ఏళ్ల తరబడి జారింది, ఖర్చు తొలి అంచనాకు ఎన్నో రెట్లయింది. అమెరికా ప్రాజెక్టుకు ఇదే జరిగితే "వైఫల్యం" అని రాసిన చేతితోనే, మన ప్రాజెక్టుకు "అడ్డంకులను అధిగమించి" అని రాశాను. రెండు కొలబద్దలు ఎలా ఉంటాయో చూడాలంటే ఆ రెండు వార్తలు పక్కపక్కన పెడితే చాలు.

ఆడిటర్ మాటా కళ్లు మూసుకుని నమ్మొద్దు

పైన ఆడిట్ల మీద చాలా ఆధారపడ్డాను కాబట్టి ఈ హెచ్చరిక చేయాలి. 2015లో అఫ్ఘాన్ పునర్నిర్మాణం మీద అమెరికా పెట్టిన ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు ఒక రిపోర్టు ఇచ్చింది. షెబర్గాన్ పట్టణంలో ఒక్క గ్యాస్ బంకుకు 4.3 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారని. ప్రపంచమంతా ఆ హెడ్డింగే. బంకు కట్టడానికి అయిన ఖర్చు అంతలో చిన్న భాగమేనని, ఆ పెద్ద అంకెలో ఆఫీసు ఖర్చులూ మిగతావీ కలిపేశారని పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) అధికారులు తర్వాత సెనేట్ ముందు వాదించారు. ఆ వాదన దాదాపు ఎవరూ వేయలేదు. వైఫల్యం కథకు కూడా ప్రారంభోత్సవం లాంటి ఒక మొదటి రోజు ఉంటుంది. ఆ రోజు దాటాక దాన్నీ ఎవరూ పట్టించుకోరు.

చివరగా మీ ప్రాజెక్టుకు నా సలహా. "అనుకూలం", "ప్రతికూలం" అని వార్తలను లెక్కపెట్టే పద్ధతి వదిలేయండి. ఒకే ఒక్క కట్టడాన్ని తీసుకుని దాని వెంట నడవండి. ఫలూజా మురుగునీటి ప్లాంటు అయితే బాగుంటుంది. 3.25 కోట్ల డాలర్ల అంచనాతో 2004లో మొదలైంది, ఖర్చు పది కోట్ల దగ్గరికి వెళ్లింది, ఊరంతటికీ అనుకున్నది మూడో వంతు ఇళ్లకు కుదించారు, ఏళ్లకేళ్లు సాగింది. దాని మీద సైన్యం ప్రెస్ నోట్లు ఉన్నాయి, ఏజెన్సీ వార్తలు ఉన్నాయి, ఆడిట్లు ఉన్నాయి. తెలుగు పత్రికల్లో ఏం వచ్చిందో లైబ్రరీలో పాత ఫైళ్లు తిరగేసి చూడండి. చాలా తేదీల దగ్గర మీకు ఖాళీయే దొరకవచ్చు. ఆ ఖాళీని కూడా రాసుకోండి.

ఒక పట్టిక గీసుకోండి. వార్త తేదీ ఏమిటి? క్రియ "చేస్తారు" అనా, "చేస్తున్నారు" అనా, "చేశారు" అనా? మొత్తం ఎన్నింటిలో ఎన్ని పూర్తయ్యాయని చెప్పారా? రాసినవాడు కళ్లతో చూశాడా, ఎవరో చెబితే రాశాడా? ఈ నాలుగు కాలమ్‌లు చాలు. మొదటి ఇరవై వార్తలు నింపాక మీకు ఎక్కడైనా అనుమానం వస్తే, ఇంగ్లీషు కాపీని, తెలుగు కాపీని రెండూ పంపండి, కలిసి చూద్దాం.